ప్రొఫెసరమ్మ గదికి కొత్త తాళం

కిందటి వారం తాళాలమ్మను మెట్ల మీద వదిలి వచ్చాం. పైన వరండా చివర ఆమె ఒకప్పటి అత్తగారి గది. చేతిలో తనిఖీకి యూనివర్సిటీ కమిటీ ఇచ్చిన అనుమతి. వెనకాల పనిముట్ల సంచీ, కొత్త తాళం పట్టుకుని వడ్రంగి.

కథ ఇప్పుడే చేతికి తీసుకున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పాలి. తాళాలమ్మ అన్నది క్యాంపస్ పెట్టిన పేరు. ఆమె యూనివర్సిటీ ఎస్టేటు ఆఫీసరు. ఏ గది ఎవరికి, ఏ హాలు ఏ పూట ఎవరికి, ఎవరి ఫ్యాను తిరగడం లేదు, ఎవరి కొళాయి కారుతోంది, అన్నీ ఆమె బల్ల మీదికే వస్తాయి. రసాయనశాస్త్రం వాళ్ళ స్టోరు రూము మీద జంతుశాస్త్రం వాళ్ళు కన్నేసినా ఆమే తేల్చాలి, పెళ్ళిళ్ళకు లాన్ ఇవ్వమని అడిగినా ఆమే కాదనాలి. మంచి మాటతో పని చేయించుకునే మనిషి. ఒక్కరి విషయంలో తప్ప.

ఆ ఒక్కరూ ప్రొఫెసరమ్మ. తాళాలమ్మ కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టి, ఒళ్ళో పిల్లతో బయటికి వచ్చింది. కారణం చెబితే నవ్వొస్తుంది. అదే యూనివర్సిటీలో గుమాస్తా ఉద్యోగం దొరికిందని ఎగిరి గంతేయడమే ఆమె చేసిన నేరం. "నా డిపార్టుమెంటుకి నా కోడలు ఫైళ్ళు మోసుకొస్తుంటే నేను తలెత్తుకు తిరగాలా? ఉద్యోగమో, ఇల్లో తేల్చుకో" అంది అత్తగారు. కోడలు ఉద్యోగమంది. ఆ మధ్యాహ్నమే సామాన్లు వీధి వరండాలోకి వచ్చాయి. మొగుడు ఒక్క మాట మాట్లాడలేదు. బండి లోపలికి రావడానికి వీలుగా తన స్కూటరు కాస్త పక్కకు జరిపాడు. అంతే అతను చేసిన సాయం.

ఆ గుమాస్తా పరీక్షలు రాసి రాసి కిందటేడు ఎస్టేటు ఆఫీసరు కుర్చీలో కూర్చుంది. అప్పటినుంచి ప్రొఫెసరమ్మ గదిలో ఫ్యాను ఆగితే దాన్ని చూసేవాడు రాలేదు. ట్యూబులైటు మార్చమని అడిగితే, గది నంబరు సరిగా కనబడటం లేదంటూ దరఖాస్తు తిరిగొచ్చింది. రిటైరైన రోజు అభినందన సభ పెట్టుకుందామంటే, సరిగ్గా ఆ వారమే పెద్ద హాలుకి రంగులు మొదలయ్యాయి. సభ సైకిళ్ళ షెడ్డు పక్కన జరిగింది. దండ మెడలో పడుతున్నప్పుడు ఎవరిదో సైకిలు బెల్లు మోగిందని చెప్పుకుని క్యాంపసంతా నవ్వింది.

రిటైరయ్యాక గది వదిలెయ్యాలి. పుస్తకం ముగించేదాకా ఉండనివ్వమని ప్రొఫెసరమ్మ అడిగింది. అంతలో ఎస్టేటు ఆఫీసుకి ఎవరో పేరు చెప్పకుండా ఫోను చేశారు. తనిఖీ చేసి తేల్చమని కమిటీ ఆ పని తాళాలమ్మకే అప్పగించింది.

ఆమె తలుపు తట్టింది.

"తెరిచే ఉంది" అంది లోపలినుంచి ఆ గొంతు. ఇన్నేళ్ళైనా ఆ గొంతు వింటే తాళాలమ్మకు వెన్ను నిటారుగా అయిపోతుంది. అది భయంవల్ల వచ్చేదని ఒకప్పుడు అనుకునేది. ఇప్పుడు అలా అనుకోదు.

ప్రొఫెసరమ్మ కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని ఏదో దిద్దుకుంటోంది. తలెత్తలేదు.

"రండి ఆఫీసరుగారూ. మీరొస్తారని తెలుసు. వడ్రంగిని కూడా తెస్తారనుకోలేదు. ఖాళీ చేయించి తీరతానని అంత నమ్మకమా?"

"నమ్మకం కాదు మేడమ్. మళ్ళీ ఈ మెట్లెక్కడం ఎందుకని."

"కూర్చోమనడానికి రెండో కుర్చీ లేదు. మీరే తీయించుకుపోయారు."

"అది ఈ గదికి రాసిన కుర్చీ కాదు మేడమ్."

"అవును. నేనెళ్ళి తెచ్చుకున్నదే. మీ గుమాస్తా చాలా మర్యాదస్తుడు. నన్ను లేపి మరీ తీసుకెళ్ళాడు."

వడ్రంగి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. ఎవరింటి గొడవలోనో ఇరుక్కున్న మనిషిలా పైకప్పు వైపు చూస్తూ నిలబడ్డాడు. తాళాలమ్మ అతన్ని అక్కడే ఉండమని సైగ చేసి గది చూడటం మొదలుపెట్టింది. గోడలకు చెమ్మ లేదు. స్విచ్చులు బాగానే ఉన్నాయి. ఫ్యాను తిరగడం లేదు, అది తెలిసిందే. గదిని సగానికి కోస్తున్నట్టు పుస్తకాల బీరువాలు అడ్డంగా నిలబెట్టి ఉన్నాయి. కాగితాల గదిలో ఉండాల్సిన వాసన కాకుండా స్నానాల సబ్బు వాసన వేస్తోంది. బల్ల మీద గ్లాసులో పెన్నులున్నాయి, పెన్సిళ్ళున్నాయి, వాటి మధ్య ఒక దువ్వెన ఉంది.

"ఆ బీరువాల వెనక ఏముంది మేడమ్?"

"పుస్తకాలు."

"చూడొచ్చా?"

ప్రొఫెసరమ్మ అప్పుడు తలెత్తింది. కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుంది. "చూడకపోతే ఏమవుతుంది?"

"చూడకపోతే నా ఉద్యోగం నేను చెయ్యనట్టు. ఉద్యోగం విషయంలో నేనెంత మొండిదాన్నో మీకు చెప్పక్కర్లేదు."

తాళాలమ్మ బీరువాల పక్కనుంచి అవతలికి వెళ్ళింది.

అక్కడ మడతమంచం ఉంది. దాని మీద నాలుగు మూలలూ సరిచేసి పరిచిన దుప్పటి. కిటికీ చువ్వకు ఆరేసిన తువాలు. ఒక సూట్‌కేసు, దాని మీద మందుల డబ్బా. నేల మీద నీళ్ళు కాచుకునే కెటిల్, బోర్లించిన ఒక పళ్ళెం, ఒక గ్లాసు. ఒకే ఒక మనిషి ఎవరికీ కనబడకుండా, ఎవరికీ అడ్డం లేకుండా బతుకుతున్న చోటు.

తాళాలమ్మకు ముందు కలిగింది సంతోషమే. దాచడమెందుకు? పాఠాలు చెప్పే భవనంలో కాపురం పెట్టడమంటే మామూలు తప్పు కాదు. గది పోతుంది, పరువు పోతుంది. "అంతటి ప్రొఫెసరమ్మ బీరువాల వెనక పక్కేసుకుని పడుకునేదట" అని రేపు క్యాంటీన్‌లో చెప్పుకుంటారు. ఫోనులో చెప్పింది నమ్మక, ఏదో ఒక చిన్న వంక దొరికితే చాలని తను వచ్చింది. కానీ ఇక్కడ కొండంత దొరికింది.

"ఇల్లుండగా ఇదేమిటి మేడమ్?"

"రాసుకుంటూ పొద్దుపోతే ఇక్కడే నడుం వాలుస్తాను."

"నడుం వాల్చడానికి సూట్‌కేసెందుకు?"

ప్రొఫెసరమ్మ మాట్లాడలేదు. అడిగినదానికి ఆవిడ జవాబు చెప్పకపోవడం తాళాలమ్మ జీవితంలో అదే మొదటిసారి చూడటం.

"తాళం మార్చెయ్" అంది ఆమె వడ్రంగితో.

వడ్రంగి నసిగాడు. "ఇప్పుడేనా అమ్మా? ఆవిడ లోపల ఉండగా..."

"తాళం తలుపుది కదా, ఆవిడది కాదు కదా. మార్చు."

అతను మోకాళ్ళ మీద కూర్చుని స్క్రూడ్రైవరు తీశాడు.

"సామాన్లు సర్దుకునేదాకా ఆగు" అంది ప్రొఫెసరమ్మ. బతిమాలలేదు. బండి వచ్చేదాకా ఆగమన్నంత మామూలుగా అంది.

ఆ మామూలుతనమే తాళాలమ్మను మండించింది. ఇన్నాళ్ళూ ఆమె ఈ రోజుని ఎన్నో రకాలుగా ఊహించుకుంది. ప్రతి ఊహలోనూ ప్రొఫెసరమ్మ చేతులు పట్టుకునేది.

"ఆ రోజు నన్ను ఆగనిచ్చారా?" అంది. ఇక మేడమ్ లేదు. "పిల్ల పాలు తాగుతోంది అత్తయ్యా, ఒక్క అరగంట అన్నాను. వరండాలో కూర్చుని తాగించుకో అన్నారు. ఎదురింటివాళ్ళు, పక్కింటివాళ్ళు, పాలు పోసేవాడు, అందరూ చూస్తున్నారు. నా బట్టల మూట మీద కూర్చుని పాలిచ్చాను. మీరు తలుపేసేశారు. గడియ వేసిన చప్పుడు ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. గుర్తుందా?"

"గుర్తుంది."

"అంతేనా?"

"ఇంకేం కావాలి? తప్పయిపోయిందని ఏడవాలా?" ప్రొఫెసరమ్మ లేచి నిలబడింది. పొట్టి మనిషే. అయినా ఎదురుగా నిలబడితే పొడుగ్గా కనిపిస్తుంది. "ఏడవను. నువ్వు తాళం పట్టుకుని నా గుమ్మంలో నిలబడ్డప్పుడు ఏడిస్తే, అది నీ తాళానికి భయపడి ఏడ్చినట్టవుతుంది. అలాంటి ఏడుపు నీకెందుకు? పని కానియ్."

తలుపు మీద పాత తాళం ఊడి వచ్చింది. వడ్రంగి దాన్ని నేల మీద పెడుతుండగా వరండాలో చెప్పుల చప్పుడైంది.

"నానమ్మా, ఇవాళ క్లాసు లేదు, అందుకే ముందే..."

ఆ పిల్ల గుమ్మంలోనే ఆగిపోయింది. చేతిలో స్టీలు క్యారియరు. చాలా రోజులుగా వంటింట్లో కనబడటం లేదని తాళాలమ్మ వెతుకుతున్న క్యారియరు అదే. పట్టుకున్నది ఆమె కన్నకూతురు. డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉంది. గంతులు వేస్తూ నడుస్తుందని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు.

వడ్రంగి తన సంచీలో ఏదో పోయినట్టు శ్రద్ధగా వెతుక్కున్నాడు.

"ఎన్నాళ్ళుగా?" అంది తాళాలమ్మ.

"అమ్మా, నేను చెబుదామనే..."

"ఎన్నాళ్ళుగా అని అడుగుతున్నాను."

"వానలు మొదలైనప్పటినుంచి."

"అందులో ఏముంది?"

"నువ్వు పొద్దున్న వండిందే."

తాళాలమ్మ నవ్వింది. ఆ నవ్వు విని పిచ్చుక ఒకడుగు వెనక్కి వేసింది. తెల్లారకముందే లేచి, స్టవ్వు దగ్గర నిలబడి, పిల్ల ఈ మధ్య బాగా తింటోంది అని మురిసిపోతూ కాస్త ఎక్కువే వండుతోంది తను. ఎవరి ఫ్యాను ఆగిపోవాలని పగలంతా చూసిందో, వాళ్ళ కడుపు తన చేత్తోనే నింపింది.

"హాస్టలు మెస్సులో తెస్తున్నానంది నాతో" అంది ప్రొఫెసరమ్మ. ఆవిడ ముఖం కూడా పాలిపోయింది. "నీ చేతి వంట అని తెలిస్తే ముట్టుకునేదాన్ని కాదు." ఒక్క క్షణం ఆగి, "ఉప్పెప్పుడూ కాస్త తక్కువే వేస్తావు. అప్పుడే అనుమానించాల్సింది" అంది.

"ఇద్దరూ ఆపండి" అని పిచ్చుక అరిచింది. ఆ పిల్ల అంత గట్టిగా మాట్లాడగలదని తల్లికి తెలియదు. "అమ్మా, నానమ్మ సరదాకి ఇక్కడ ఉంటోందనుకున్నావా? నాన్న నానమ్మ గదిని ట్యూషను గది చేశాడు. పొద్దున్నా సాయంత్రం గుంపులు గుంపులుగా పిల్లలు. గోడకి బోర్డు కొట్టించాడు. నానమ్మ మంచం వరండాలో వేశాడు. వానొచ్చి పరుపంతా తడిసిపోయింది. లోపల నాన్న పాఠం చెబుతూనే ఉన్నాడు. తలుపు కూడా తియ్యలేదు."

"నోరు ముయ్యవే" అంది ప్రొఫెసరమ్మ.

"ముయ్యను. నువ్వు చెప్పవు, నన్నూ చెప్పనివ్వవు."

తాళాలమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. వరండాలో మంచం. ఆ వరండా తనకు బాగా తెలుసు. వాన ఏ మూలనుంచి కొడుతుందో కూడా తెలుసు. అయ్యో అన్న మాట నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది. దాని వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన రాగానే ఆమె కళ్ళు మెరిశాయి.

ఆ ఇల్లు యూనివర్సిటీ క్వార్టరు. ప్రొఫెసరమ్మ రిటైరవగానే, తనూ యూనివర్సిటీలోనే పాఠాలు చెబుతున్న కొడుకు దాన్ని తన పేరు మీదికి మార్పించుకున్నాడు, తల్లి తన దగ్గరే ఉంటుందని చెప్పి. క్వార్టరులో వ్యాపారం చేస్తే కేటాయింపు రద్దు. రద్దు చేసే సంతకం తనది. కాకపోతే ఒక చిక్కుంది. ఆ ఇంట్లో ఉంటున్నవాళ్ళు పిలిస్తే తప్ప ఆమె గుమ్మం దాటి లోపలికి అడుగుపెట్టడానికి వీల్లేదు.

"మీరు పిలవండి" అంది తాళాలమ్మ. "ఆ ఇంటి కాగితాల్లో మీ పేరింకా ఉంది. ఇలా జరుగుతోంది, వచ్చి చూడండి అని ఒక్క మాట అనండి. ఇప్పుడే వెళ్తాను. ఈ గది సంగతి తరవాత చూద్దాం."

"అంటే నేను పిలిస్తే ఈ గది నాదేనా?"

"చూద్దామన్నాను."

ప్రొఫెసరమ్మ ఆమె వైపు చాలాసేపు చూసింది. "నీకు ఎవరంటే ఎక్కువ కోపం? నేనంటేనా, వాడంటేనా?"

ఆ ప్రశ్న తాళాలమ్మను ఎవరూ అడగలేదు. తనకు తానుగా కూడా ఎప్పుడూ అడుక్కోలేదు. "మీరు తలుపేశారు" అంది నెమ్మదిగా. "అతను స్కూటరు జరిపాడు. తలుపేసినవాళ్ళని మర్చిపోలేను. స్కూటరు జరిపినవాణ్ణి క్షమించలేను."

"అయితే విను. నా మీద పగ నువ్వు తీర్చుకో. నీకా హక్కుంది, కాదనను. వాడి మీద పగ నా చేత తీర్పించకు. వాడు నా కొడుకు."

"వానలో పడుకోబెట్టిన కొడుకు."

"అయినా కొడుకే."

"సరే. గది ఖాళీ చెయ్యండి."

"చేస్తాను."

ఆవిడ సూట్‌కేసు తెరిచింది. తువాలు మడిచింది. మందుల డబ్బా ఒక మూల పెట్టింది. పిచ్చుక ఏడుస్తూ క్యారియరు బల్ల మీద పెట్టి, "నానమ్మ ఎక్కడికి పోతుంది? మనింటికి తీసుకెళ్దాం అమ్మా" అంది.

"మీ అమ్మని ఇబ్బంది పెట్టకు" అంది ప్రొఫెసరమ్మ. "పిలిచినా ఆ గడప తొక్కను. మా పాత విద్యార్థులు ఊరంతా ఉన్నారు, ఎవరో ఒకరు తలుపు తీస్తారు." దుప్పటి మడుస్తూ ఉన్నట్టుండి ఆగింది. "ఒకటడుగుతాను, చెబుతావా? నేనిక్కడ పడుకుంటున్నానని నీకెలా తెలిసింది? వాచ్‌మన్‌కి కూడా తెలియకుండా ఉన్నాను."

"మా ఆఫీసుకి ఫోనొచ్చింది. గుమాస్తా ఎత్తాడు. మగ గొంతు, పేరు చెప్పలేదు. 'పై అంతస్తు చివరి గదిలో ఒక ముసలావిడ కాపురం పెట్టింది, మీ తాళాలమ్మ కళ్ళు మూసుకుందా' అన్నాడట."

"ముసలావిడ అన్నాడా?"

"అలాగే చెప్పాడు గుమాస్తా."

ప్రొఫెసరమ్మ చేతిలో దుప్పటి ఉండలా అయిపోయింది. "ఈ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకత్తి ఇదిగో, ఈ పిల్ల" అంది. ఆ తరవాత పేరు ఆవిడ నోటినుంచి రాలేదు.

రావాల్సిన పని కూడా లేదు. పిచ్చుక చేత్తో నోరు మూసుకుంది. వడ్రంగి స్క్రూ బిగించడం ఆపేశాడు.

ఆవిడ మంచం మీద కూర్చుంది. అప్పటిదాకా నిటారుగా ఉన్న భుజాలు ఒక్కసారి దిగిపోయాయి. ఎంతో ముసలిదిగా కనిపించింది. ఈ దృశ్యం కోసమే తాళాలమ్మ ఇన్నేళ్ళు కాచుకుంది. తీరా ఎదురుగా కనిపిస్తుంటే, చూసి ఆనందించే వ్యవధి లేకుండా పోయింది. ఎందుకంటే ఆవిడ అలా కూర్చుని కొద్దిసేపే ఉంది. తరవాత లేచింది. గ్లాసులోనుంచి దువ్వెన తీసి, కిటికీ అద్దంలో చూసుకుంటూ తల దువ్వుకుంది. కళ్ళజోడు తుడిచి పెట్టుకుంది. చెప్పులు వేసుకుంది.

"పద" అంది.

"ఎక్కడికి?"

"తనిఖీకి. ఇంట్లోవాళ్ళు పిలిస్తే కదా నువ్వు రావాల్సింది? పిలుస్తున్నాను."

తాళాలమ్మ కదల్లేదు. "ఒక మాట. నేను మీ కోసం రావడం లేదు."

"నేనూ నీ కోసం పిలవడం లేదు. నడు."

వాళ్ళు నలుగురూ లైబ్రరీ ముందునుంచి, ఆటస్థలం అంచు వెంబడి క్వార్టర్ల వైపు నడిచారు. ముందు ప్రొఫెసరమ్మ, రెండడుగుల వెనక తాళాలమ్మ, ఆ వెనక పిచ్చుక, చివర సంచీ మోస్తూ వడ్రంగి. దారిలో ఎదురైనవాళ్ళు నమస్కారం పెట్టబోయి, వాళ్ళ ముఖాలు చూసి చేతులు దించేశారు. తాళాలమ్మ నడుస్తూనే లోలోపల ఆ ఇల్లు ఖాళీ చేయిస్తోంది. ముందు ఆ స్కూటరు బయటికి. తరవాత టీవీ. ఆ తరవాత అతను.

క్వార్టరు వరండా నిండా విప్పిన చెప్పులు. వాటి పక్కన, గోడకి ఆనించి, మడిచి తాడుతో కట్టిన పరుపు ఒకటుంది. అంచుల్లో ఇంకా బూజు పట్టిన మరకలున్నాయి. లోపలినుంచి పాఠం వినిపిస్తోంది. మంచి గొంతే. ఒకప్పుడు ఆ గొంతు విని తాళాలమ్మ మోసపోయింది.

ప్రొఫెసరమ్మ తలుపు తట్టలేదు. తోసుకుని లోపలికి వెళ్ళింది. "రండి ఆఫీసరుగారూ, చూసుకోండి" అంది.

గది నిండా పిల్లలు. గోడకు తెల్ల బోర్డు. తాళాలమ్మ చూపు వాళ్ళ మీద కన్నా ముందు వాళ్ళు కూర్చున్న బెంచీల మీద పడింది. బెంచీ కాళ్ళకు ఆకుపచ్చ రంగు పట్టీ, పక్కన యూనివర్సిటీ ముద్ర. వేసవి సెలవుల తరవాత గణితం వాళ్ళ క్లాసురూములో కనబడకుండా పోయిన బెంచీలివి. వాటి కోసం వచ్చిన ఫిర్యాదులకు తానే సంజాయిషీ రాసింది.

మార్కరు పట్టుకుని బోర్డు దగ్గరున్న మనిషి వెనక్కి తిరిగాడు. జుట్టు పలచబడింది గానీ అతనే.

"ఏమిటిది?" అన్నాడు. "ఎవరు రమ్మన్నారు నిన్ను?"

"కేటాయింపు తనిఖీ అండీ" అంది తాళాలమ్మ. కాపురం చేసిన రోజుల్లోనూ మీరు అనే పిలిచేది అతన్ని. అప్పుడది గౌరవంతో పిలవడం. "క్వార్టరులో ట్యూషన్లు నడుస్తున్నాయని, యూనివర్సిటీ సామాను వాడుతున్నారని ఫిర్యాదు వచ్చింది."

"ఎవరిచ్చారు?"

"నేనురా" అంది తల్లి.

మార్కరు కింద పడింది. పిల్లలందరూ ఆవిడ వైపు తిరిగారు.

"ఏమ్మా, మతిపోయిందా నీకు?" అన్నాడు గొంతు తగ్గించి. "ఈమెని తీసుకొస్తావా మనింటికి?"

"మనిల్లా? ముసలావిడ ఉండే ఇల్లెక్కడో ఎస్టేటు ఆఫీసుకి ఫోను చేసి చెప్పింది నువ్వే కదా."

అతని ముఖంలో రంగు మారింది. తాళాలమ్మ ఆ ముఖాన్ని తనివితీరా చూసింది. ఇంతకాలం ఎక్కడెక్కడో వెతికిన తృప్తి ఇక్కడ దొరుకుతోందని అనుకుంది. వడ్రంగి వైపు తిరిగి, "ఈ బెంచీలన్నిటి మీదా సుద్దతో గుర్తు పెట్టు" అంటుండగా ఆమె ఫోను మోగింది.

మోగగానే అతను గోడ గడియారం వైపు చూశాడు. చూసి, చాలా నిదానంగా నవ్వాడు.

"ఎత్తు" అన్నాడు. "నీకే. పొద్దున్న ఆ గదికి వడ్రంగిని కూడా తీసుకెళ్ళావట కదా? అందరూ చూసేలా వెళ్ళావా? వెళ్ళే ఉంటావు. నీ సంగతి నాకు తెలియదా?"

ఫోనులో రిజిస్ట్రారు. మర్యాదగా మాట్లాడే మనిషి. ఇప్పుడు ఆ మర్యాద గట్టిపడి ఉంది.

"అమ్మా, నా బల్ల మీద మీ మీద ఒక ఫిర్యాదుంది. ప్రొఫెసరమ్మగారు ఒకప్పుడు మీ అత్తగారని, ఆ కక్షతో పదవి అడ్డం పెట్టుకుని ఆవిణ్ణి వేధిస్తున్నారని వాళ్ళబ్బాయి రాశారు. ఫ్యాను, లైటు, కుర్చీ, అభినందన సభ, ఇవాళ ఈ తాళం, అన్నీ ఉన్నాయి ఇందులో. ఆవిడ మీకేమవుతారో మాకెందుకు చెప్పలేదు? ఇదంతా నిజమేనా?"

తాళాలమ్మ ఏమని కాదంటుంది? ఇందులో అబద్ధం ఏముంది కనుక? పేరు చెప్పని ఆ ఫోను తన కోసం తవ్విన గొయ్యి అని ఇప్పుడు తెలిసింది. తల్లిని బయటికి గెంటించాలి, గెంటిన చెయ్యి మాజీ పెళ్ళాందై ఉండాలి, ఆ చెయ్యి విరగాలి. ఒక్క ఫోనుతో ఇద్దర్నీ వదిలించుకున్నాడు. ఆమె ప్రొఫెసరమ్మ మీదికి విసరడానికి పోగేసుకున్న ప్రతి రాయినీ అతను లెక్కపెట్టి ఉంచుకున్నాడు.

"మాట్లాడరేమిటి? సరే, ఆవిడ అక్కడే ఉన్నారా? ఉంటే ఫోనివ్వండి. ఆవిడ నోటితోనే వింటాను. కాదంటే ఈ కాగితం చించేస్తాను. అవునంటే ఈ సాయంత్రమే మీరు తాళాలన్నీ అప్పజెప్పాలి."

తాళాలమ్మ ఫోను చాచింది. తల దించలేదు.

ప్రొఫెసరమ్మ అందుకుంది. ఫోనులో ఏమడిగారో అందరికీ వినబడింది, గది అంత నిశ్శబ్దంగా ఉంది.

"చెప్పమ్మా" అన్నాడు కొడుకు చేతులు కట్టుకుని. "ఉన్నది ఉన్నట్టు చెప్పు. నువ్వెప్పుడూ అబద్ధమాడవుగా."

"అవును రిజిస్ట్రారుగారూ" అంది ప్రొఫెసరమ్మ. క్లాసులో చివరి బెంచీదాకా వినబడే ఆ పాత గొంతుతో అంది. "వేధించింది. ఎండాకాలమంతా ఫ్యాను లేకుండా కూర్చోబెట్టింది. సైకిళ్ళ షెడ్డు పక్కన నాకు దండ వేయించింది. అందులో రాసింది ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు."

పిచ్చుక తల్లి చెయ్యి పట్టుకుంది. కొడుకు ఊపిరి వదిలాడు.

"అదొక మాట. ఇక రెండోది వినండి. ఇంత బాగా రాశాడే నా కొడుకు, వాడి గురించి మీకూ ఈ యూనివర్సిటీకీ తెలియని సంగతి ఒకటుంది. నాకు తెలుసు. కన్నదాన్ని కాబట్టి ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నాను. వాడికి ఈ ఉద్యోగం ఎలా వచ్చిందంటే..."

"అమ్మా!" అని కేకపెట్టి, అతను బెంచీ దాటుకుని ఫోను మీదికి చెయ్యి చాచాడు. ఒక పిల్లవాడి పుస్తకాలు చెల్లాచెదురుగా పడ్డాయి.

ఆ చెయ్యి తల్లిని అందుకోలేదు. ఇద్దరికీ మధ్య తాళాలమ్మ వచ్చి నిలబడింది.

"జరగండి" అంది అతనితో. "ఆవిణ్ణి చెప్పనివ్వండి."